టోపీలో వాయినం

మా బాపుకు చెవులు వినపడవు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా సాంచల మధ్య నిలబడిన మనిషికి వినపడితేనే వింత. సాంచలంటే మా దగ్గర పవర్‌లూమ్‌లు. అందుకని ఆయనతో మా మాటలు సగం అరుపులు, సగం సైగలు. నేను ఎప్పుడు పుట్టింటికి వెళ్లినా, చెప్పులు విడవకముందే ఆయన తన ఎడమ భుజం కింద చూపుడు వేలితో మూడు గీతలు గీసి కనుబొమలు ఎగరేసేవాడు. మూడు పట్టీలు వచ్చాయా అని అడగడం అది. పట్టీలంటే హెడ్ కానిస్టేబుల్ చొక్కా చేతి మీద ఉండే గుర్తు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన చేయి దించి, సరేలే అన్నట్టు మంచినీళ్ల చెంబు అందించేవాడు.

నాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినప్పుడు బాపుకు అందులో పోలీసుతనం కంటే సర్కారుతనం ఎక్కువ నచ్చింది. మొదటి జీతం తీసుకెళ్లిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని నన్ను విచారణ చేశాడు. తర్వాత నా సర్వీసులో చాలా విచారణలు చూశాను కానీ అంత శ్రద్ధగా ఎవరూ చేయలేదు.

"కరెంటు పోయిన్నాడు గూడ జీతమిస్తరా బిడ్డా?"

"ఇస్తరు బాపు."

"జరమొచ్చి పండుకుంటే?"

"గప్పుడు గూడ ఇస్తరు."

"మల్ల ఏడాదికోపారి పెంచుతరా? ఎవరూ లొల్లి చెయ్యకపోయినా?"

"పెంచుతరు. దాన్ని ఇంక్రిమెంటు అంటరు."

ఆయన ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. సాంచల దగ్గర కూలి పెరగాలంటే షెడ్లన్నీ మూసి వారాల తరబడి కూర్చోవాలి. ఎవరూ అడగకుండానే ఏటా పెరిగే జీతం, మిగిలిన సెలవులు సర్కారుకే అప్పగిస్తే వచ్చే పైసలు, బట్ట, చివరికి పెన్షను. ఇవన్నీ విన్నాక ఆయన అన్న మాట ఒక్కటే.

"మా కాడ ముప్పై ఏండ్లు చేసినా మనిషి గదే మనిషి, సాంచ గదే సాంచ. నువ్వు పైకి ఎక్కుడు నేను జూడాలె."

పైకి ఎక్కడం అంటే కానిస్టేబుల్‌కు మొదటి మెట్టు హెడ్. మగవాళ్లకే ఆ మెట్టు చేరడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టేది. ఆడవాళ్ల లిస్టు అప్పట్లో వేరు. జిల్లా మొత్తంలో ఆడ హెడ్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పైనున్న ఒక హెడ్డమ్మ రిటైరైతే కింద ఒక కానిస్టేబుల్‌కు పట్టీలు వస్తాయి. అంతవరకు ఎదురుచూడటమే మా పని. పోలీసు ఉద్యోగంలో ధైర్యం కావాలంటారు గానీ, అసలు కావలసింది ఓపిక.

నా పక్కనే ఇంకొకామె ఎదురుచూసేది. వెల్గటూరు దిక్కు పిల్ల. నాదీ తనదీ ఒకే బ్యాచ్. శిక్షణలో పక్కపక్క మంచాలు. డ్రిల్లులో ఆమె ముందు, చట్టాల పేపర్లలో నేను ముందు. చివరికి మార్కులు కూడితే కాస్త తేడాతో సీనియారిటీ లిస్టులో నా పేరు పైన, సరిగ్గా దాని కింద ఆమె పేరు వచ్చాయి. వయసులో నాకంటే నాలుగు నెలలు పెద్దదే అయినా, ఆ లిస్టు పుణ్యమా అని నన్ను "అక్కా" అని పిలవడం మొదలుపెట్టింది. మొదట ఎగతాళికి పిలిచింది, తర్వాత అదే అలవాటైంది. ఇద్దరికీ జగిత్యాల దిక్కు ఒకే స్టేషన్లో పోస్టింగు వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. నా కాన్పుకు ఆసుపత్రిలో రెండు రోజులు నా మంచం పక్కన కూర్చున్నది ఆమే. ఆమె మరిది పెళ్లికి నా పట్టుచీర కట్టుకుని వెళ్లింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది ఎవరో పరాయి మనిషి చేసి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ ఏడు, మా పై హెడ్డమ్మ రిటైర్ కాబోతోందని తెలిసింది. వరసలో నేను మొదటిదాన్ని. సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్ర గీత లేదు. బాపుతో చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. ఆయన ఆ నెలంతా వాడకట్టులో కనబడ్డవాళ్లందరికీ భుజం మీద గీతలు గీసి చూపించాడట.

అదే సమయంలో సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మాకు మాత్రం సమ్మె చేసే హక్కు లేదు. అందరూ పని మానేస్తే ఆ పని మానేసినవాళ్ల ముందు నిలబడటం మా పని. రోజూ ఒక రోడ్డు మీద బందోబస్తు. ఒకనాడు రాస్తారోకో, ఒకనాడు రోడ్డు మీదే వంటలు, ఒకనాడు మానవహారం. లాఠీ పట్టుకుని ఎదురుగా నిలబడితే అటువైపు కూర్చున్నవాళ్లలో సగం మంది మాకు చుట్టాలో, చుట్టాలకు చుట్టాలో. "ఏమే, మీకు రాష్ట్రం వద్దా?" అని అరిచేవాళ్లు. మేము ఆకాశం చూసేవాళ్లం. రాష్ట్రం మాకూ కావాలి. వస్తే పోస్టులు పెరుగుతాయి, మనవాళ్ల ప్రమోషన్లు మనవాళ్లకే వస్తాయి అని బ్యారక్‌లో ప్రతి కానిస్టేబులూ లెక్కలు వేసేవాడు. పైకి మాత్రం అనకూడదు.

మా ఇద్దరికీ ఎక్కువగా కోరుట్ల రోడ్డు మీద డ్యూటీ పడేది. ఆడవాళ్లు ఎక్కువగా రోడ్డెక్కేది అక్కడే. బీడీలు చేసే వాడకట్లు అవి. నా అత్తగారిల్లు కోరుట్లే కాబట్టి నాకు ముఖాలన్నీ తెలుసు. అందులో ఒక పెద్దావిడ మా అత్తమ్మకు వరుసకు చెల్లెలు. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె ఇల్లు సరిగ్గా రోడ్డు పక్కనే. ఆడ పోలీసులను పొద్దున ఆరింటికి రోడ్డు మీద దించి సాయంత్రం దాకా నిలబెట్టే పెద్దసార్లకు, మాకు కూడా ఆకలిదప్పులు, కాలకృత్యాలు ఉంటాయన్న సంగతి ఎన్నడూ తోచలేదు. మగవాళ్లు ఏ గోడ చాటుకో వెళ్లేవాళ్లు. మేమెక్కడికి వెళ్లాలి? ఆ సమ్మె రోజులన్నీ మాకు బాత్రూం ఇచ్చింది, తాగేందుకు నీళ్లిచ్చింది ఆ చిన్నమ్మే. పొద్దున మా మీద కేకలు వేసి, మధ్యాహ్నం మేము వెళ్లేసరికి ఒడిలోని బీడీల చాట పక్కన పెట్టి, "పోండ్రి, లోపలికి పోండ్రి, బకెట్ల నీళ్లున్నయి" అనేది. ఆమె మీద అప్పటికే రెండు కేసులు ఉన్నాయి. ఒకదాంట్లో ఆమెను జీపు ఎక్కించింది నేనే.

బతుకమ్మ పండగ సమ్మె మధ్యలో వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు గుడి దగ్గరికో చెరువు దగ్గరికో పోకుండా, బతుకమ్మలన్నీ తెచ్చి నడిరోడ్డు మీద పెట్టి ఆడారు. అటు మెట్‌పల్లి వైపు, ఇటు జగిత్యాల వైపు లారీలు బారులు తీరి ఆగిపోయాయి. పండగ కాబట్టి ఎవరినీ కదిలించవద్దని మాకు ఆర్డరు. ఊరకే నిలబడాలి. మధ్యాహ్నం రావలసిన తిండి పొట్లాలు రాలేదు. అడిగితే బండి ఎక్కడో రాస్తారోకోలో ఇరుక్కుందన్నారు. మా తిండి బండిని ఆపింది కూడా ఉద్యమమే.

ఆట అయిపోయాక, బతుకమ్మలు ఎత్తుకోకముందు ఆడవాళ్లు వాయినాలు ఇచ్చుకుంటారు. జొన్నరొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దను ఒకరు ఇంకొకరి కొంగులో పెడతారు. ఇచ్చేవాళ్లు "ఇస్తినమ్మ వాయినం" అంటారు, పుచ్చుకునేవాళ్లు "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనాలి. వాయినాన్ని ఉత్త చేతులతో తీసుకోరు, కొంగు పట్టే తీసుకోవాలి. వద్దనడం మాత్రం అసలే లేదు. వద్దంటే ఎదుటి మనిషి పసుపుకుంకుమలను కాదన్నట్టు. ముత్తయిదువను పట్టుకుని అంత మాట ఎవరంటారు?

చిన్నమ్మ ఇత్తడి పళ్లెం పట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చింది.

"డ్యూటీల ఉన్న, చిన్నమ్మా. తీసుకోరాదు," అన్నాను.

"సర్కారు డ్యూటీ సర్కారు జూసుకుంటది. గౌరమ్మ కాడి వాయినం వద్దంటరా బిడ్డా ఎవరన్న? పొద్దట్నించి మీ ముకాలు జూస్తున్న, గంజి నీళ్లు గూడ తాగలే మీరు."

"చిన్నమ్మా..."

"కొంగు పట్టు."

నాకు కొంగెక్కడిది? ప్యాంటు, చొక్కా, నడుముకు బెల్టు. చొక్కా అంచు బెల్టులోంచి లాగితే డ్రెస్సు పాడవుతుంది. నేను దిక్కులు చూస్తుంటే పక్కనుంచి నా స్నేహితురాలు కిసుక్కున నవ్వింది.

"టోపీ పట్టవే అక్కా. గదే కొంగనుకో."

నేను టోపీ తీసి తిరగేసి పట్టాను. ముందు ఇత్తడి బిళ్ల ఉండే ఖాకీ టోపీ. చిన్నమ్మ అందులో రెండు మలీద ముద్దలు పెట్టి, "ఇస్తినమ్మ వాయినం" అంది. నేను "పుచ్చుకుంటినమ్మ వాయినం" అన్నాను. నా వెనక నిలబడి నా స్నేహితురాలు దస్తీ రుమాలు పరిచి తన వాయినం తను తీసుకుంది. ఆ మాటా అంది, మలీదా తిన్నది. ఇద్దరం రోడ్డు పక్కకు తిరిగి పిల్లల్లాగా గబగబా తిన్నాం. నిజం చెప్పాలంటే గౌరమ్మ కంటే ముందు ఆకలే గుర్తొచ్చింది.

పక్కన ఎవరో విలేకరి ఫోటో తీశాడని మర్నాడు పేపరు చూస్తే గానీ తెలియలేదు. జిల్లా పేజీలో పెద్దగా వేశారు. నేను తల వంచి టోపీ చాపి ఉన్నాను, చిన్నమ్మ చేయి టోపీలో ఉంది. నా స్నేహితురాలు నా భుజం వెనక పడింది. భుజం, జడ పిన్ను తప్ప ఆమెది ఏమీ కనబడదు. ఆ పొద్దున బస్టాండు దగ్గర చాయ్ హోటలాయన నా దగ్గర పైసలు తీసుకోలేదు. "మా పోలీసక్క" అని పదిమందికి చూపించాడు. నేను కూడా కొంచెం పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఆ పొంగు స్టేషన్ గడప దాటే వరకే.

మూడో రోజు ఛార్జ్ మెమో చేతికిచ్చారు. విధి నిర్వహణలో ఉండి, ప్రభుత్వ చిహ్నం గల టోపీని కించపరిచే విధంగా, అందులో ఆందోళనకారుల నుంచి తినుబండారాలు స్వీకరించి, వారికి సంఘీభావం తెలిపినందున చర్య ఎందుకు తీసుకోరాదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. తినుబండారాలు! ఆ ముక్క చదివి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆరోజు కడుపునిండా తినుబండారాలు పంపించి ఉంటే ఈ గొడవే ఉండకపోవును.

ఆ సాయంత్రం నా స్నేహితురాలు మా క్వార్టర్‌కు వచ్చింది. తలుపు వేసి, నా చేయి పట్టుకుని ఏడ్చింది.

"నా పేరు రాయకే అక్కా. ఫోటల నువ్వొక్కదానివే ఉన్నవు. ఇద్దరం మునుగుడెందుకు? పిల్లలు చిన్నోళ్లు, మా ఆయనకు పని లేదు. నీకెర్కనే గదా."

"టోపీ పట్టుమన్నది నువ్వే గదనే," అన్నాను. కోపంగా కాదు, మాటవరసకే అన్నాను.

"అన్న. తప్పయింది. నీ కాళ్లు మొక్కుత."

కాళ్లు పట్టుకోబోతే లేపాను. నిజమే, ఇద్దరికీ శిక్ష పడితే లాభమేముంది అనుకున్నాను. సంజాయిషీలో నేనొక్కదాన్నే తీసుకున్నానని, పండగ ఆచారం కాదనలేక చేసిన తప్పని, మన్నించమని రాశాను. ఆ కాగితం ఆమే సరిచూసింది. అక్షరదోషాలు కూడా దిద్దింది.

చిన్నమ్మ సంగతి తెలిసి స్టేషన్‌కే వస్తానంది. "నేనే బలవంతంగ పెట్టిన అని చెప్త. నా మీద ఇంకో కేసు రాసుకోండ్రి" అంది. వద్దని నేనే ఆపాను. ఆమె వచ్చి చెబితే ఆందోళనకారులతో నాకు సంబంధాలున్నాయని ఇంకా గట్టిగా రాస్తారని నా స్నేహితురాలు చెప్పింది. అదీ నిజమే అనిపించింది. ఆ రోజుల్లో ఆమె ఏది చెప్పినా నాకు నిజమే అనిపించేది.

రెండేళ్ల ఇంక్రిమెంటు వాయిదా వేశారు. బయటివాళ్లకు ఇది చిన్న శిక్షలా కనబడుతుంది. జైలు కాదు, సస్పెన్షన్ కాదు. కానీ మా డిపార్టుమెంటులో ఆ రెండేళ్లు మనిషి బతికున్నట్టు కాదు. శిక్ష నడుస్తున్నంత కాలం ప్రమోషన్ జాబితాలో పేరు పరిశీలించరు. అప్పీలు చేసుకోవచ్చు, దానికి గడువుంటుంది. నేను కాగితాలు సిద్ధం చేసుకుంటుంటే నా స్నేహితురాలే ఆపింది.

"పెట్టకే. పెద్దసార్లకు కోపమొస్తది. ఉన్న ఎర్ర గీత పక్కన ఇంకోటి పడ్తది. రెండేండ్లు కండ్లు మూసుకుంటే అయిపోతది."

కళ్లు మూసుకున్నాను. గడువు దాటిపోయింది.

ఆ తర్వాత సిరిసిల్ల వెళ్తే బాపు ఎప్పటిలా మూడు గీతలు గీశాడు. ఇప్పట్లో రావని చెప్పాను. ఏం తప్పు చేశావని అడిగాడు.

"మలీద తిన్న బాపు," అని చెవి దగ్గర అరిచాను.

ఆయన సరిగ్గా వినపడలేదనుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. నేను వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా ముఖం చూసి ఆగిపోయాడు. మలీద తింటే జీతం కోసే సర్కారు ఉంటుందని ఆయనకు ఎలా అర్థం చేయించాలి? షెడ్డు యజమాని కూడా పండగనాడు ఆ పని చేయడు.

మరుసటి వేసవిలో హెడ్డమ్మ రిటైరైంది. లిస్టులో నా పేరు దాటేసి కింది పేరుకు వెళ్లారు. పట్టీలు నా స్నేహితురాలికి వచ్చాయి. పెడముఖం పెట్టానంటే అబద్ధం. ఆమెకు రాకపోతే ఇంకో స్టేషన్లో ఎవరికో పోతాయి, మన పిల్లకే రానీ అనుకున్నాను. ఆమె కొత్త పట్టీలు, మూడు ఖాకీ చొక్కాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. పద్మశాలి ఇంట్లో పుట్టినదాన్ని, నా చేతి కుట్టు బాగుంటుంది. దర్జీ కుడితే పట్టీ అంచు లేస్తుందని నాతోనే కుట్టించుకుంది. మూడు చొక్కాలు, ఆరు చేతులు. సూది గుచ్చుకుంటూ, గుచ్చుకుంటూ కుట్టాను. "నీ దయ అక్కా" అంది. నా దయ ఎందుకవుతుందో అప్పుడు నేను ఆలోచించలేదు. మర్నాటి రోల్ కాల్ నుంచి నేను ఆమెను మేడం అనడం మొదలుపెట్టాను.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మేము కూడా డ్యూటీలోనే ఏడ్చాం. జనం రంగులు చల్లితే తుడుచుకోలేదు. కొత్త సర్కారు ఉద్యోగులందరికీ ఒక ఇంక్రిమెంటు అదనంగా ఇచ్చింది. ఉద్యమానికి గుర్తుగా ఇచ్చింది కాబట్టి అందరూ దాన్ని తెలంగాణ ఇంక్రిమెంటు అన్నారు. నాకూ వచ్చింది. తెలంగాణ వాయినం తీసుకున్నందుకు కోసింది మాత్రం కోసినట్టే ఉంది. సమ్మె చేసినవాళ్లకు ఆ రోజుల జీతాలు కూడా దక్కాయి. వాళ్లకు దక్కడం న్యాయమే, నాకు ఏడుపు లేదు. కానీ వాళ్లెదుట పస్తుండి నిలబడ్డవాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఏడే చిన్నమ్మ ఒక స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చింది.

"నా రెండు కేసులు కొట్టేసిండ్రు బిడ్డా. ఉద్యమం కేసులన్ని తీసేస్తున్నరట. నీది గూడ కొట్టేసిండ్రా?"

నాది కేసు కాదు, శిక్ష అని చెప్పాను. ఆమెకు తేడా అర్థం కాలేదు. చెప్పిన నాకు మాత్రం అర్థమైందా? జీపు ఎక్కినామె మీద మచ్చ పోయింది, ఎక్కించినదాని మీద మచ్చ మిగిలింది. ఆమె డబ్బాలోంచి ఒక ముక్క తీసి నా నోట్లో పెడుతూ, "అడుగు. అడగందే ఎవలియ్యరు" అంది. నేను కాగితం పెట్టాను. నాకు పడిన శిక్షను కూడా ఉద్యమ కాలపు విషయంగా పరిగణించి రద్దు చేయాలని, నా సీనియారిటీ నాకు తిరిగి ఇప్పించాలని రాశాను. దాంతో పాటు నా ఫైలు నకళ్లు ఇవ్వమని సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు పెట్టాను. సంజాయిషీలో ఏమైనా తప్పు రాశానేమో చూసుకుందామని అంతే.

రద్దు కుదరదని జవాబు వచ్చింది. శిక్షా కాలం ఎప్పుడో ముగిసింది కాబట్టి పరిశీలించవలసిన అవసరం లేదట. ఆ జవాబుతో పాటే నకళ్లూ వచ్చాయి. నా ఛార్జ్ మెమోకు ముందు జరిగిన ప్రాథమిక విచారణ రిపోర్టు అందులో ఉంది. దాన్ని నేను అంతకు ముందు చూడలేదు. చూపించమని అడగాలన్న తెలివి నాకు లేదు. చట్టాల పేపర్లో ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని!

అందులో ఒకే ఒక సాక్షి వాంగ్మూలం ఉంది. "నేను పక్కనే ఉండి వద్దని వారించినప్పటికీ, సదరు మహిళా కానిస్టేబుల్ నా మాట వినక, తన టోపీని తానే తీసి ఆందోళనకారులకు చూపి తినుబండారాలు అడిగి తీసుకున్నది. నేను స్వీకరించలేదు." కింద సంతకం. మొదటి అక్షరాన్ని సున్నా చుట్టి తోక లాగే ఆ సంతకాన్ని నేను శిక్షణ రోజుల నుంచి ఎరుగుదును. సంతకం కింద తేదీ ఉంది. ఆమె నా క్వార్టర్‌కు వచ్చి నా కాళ్లు పట్టుకోబోయిన రోజుకు అది ముందు రోజు.

చాలాసేపు ఆ తేదీనే చూశాను. వాంగ్మూలం భయంతో ఇచ్చి ఉంటే నేను క్షమించేదాన్ని. పెద్దసారు ఎదుట నిలబెట్టి గద్దిస్తే ఎవరైనా నోరు జారుతారు. కానీ ఇచ్చేసి వచ్చి ఏడ్చింది. తను తీసుకోలేదని అప్పటికే రాసిచ్చింది కాబట్టి, నేను వేరేగా రాస్తే తన అబద్ధం బయటపడుతుందని వచ్చింది. నా కాగితం సరిచూసింది అక్షరదోషాల కోసం కాదు. అప్పీలు ఆపింది నా మేలు కోరి కాదు, అప్పీలు వేస్తే ఈ ఫైలు తెరుచుకుంటుంది. చిన్నమ్మను రానివ్వకపోవడమూ అందుకే. వచ్చి ఉంటే ఆమె ఇద్దరికీ పెట్టానని చెప్పేది. ఒక్కొక్కటే గుర్తొచ్చి ఒళ్లంతా మండిపోయింది. నా గొంతు కోసిన మనిషికి నేనే కూర్చుని మూడు పట్టీలు కుట్టిపెట్టాను. అంచు లేవకుండా, దగ్గర దగ్గర కుట్లు వేసి మరీ కుట్టాను.

అడిగి కడిగేయాలనుకున్నాను. ఎలా అడగాలి? ఆమె నాకు డ్యూటీలు వేసే మనిషి. పొద్దున రోల్ కాల్‌లో నా నంబరు పిలిస్తే "హాజర్ మేడం" అనవలసినదాన్ని. ఏడాదికోసారి నా పని ఎలా ఉందో పైకి చెప్పేది కూడా ఆమే. కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టి నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకోవడానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ దసరాకు కొత్త ఆర్డరు వచ్చింది. బతుకమ్మ ఇప్పుడు సర్కారు పండగ. మహిళా సిబ్బంది అందరూ సాంప్రదాయ దుస్తుల్లో పరేడ్ గ్రౌండ్‌కు వచ్చి బతుకమ్మ ఆడాలి, రానివారు కారణం తెలపాలి. బోర్డు మీద ఆ కాగితం చదివి నేను అక్కడే నిలబడిపోయాను. ఒకప్పుడు ఆ పండగలో ఒక్క ముద్ద తీసుకున్నందుకు నా నుంచి సంజాయిషీ అడిగారు. ఇప్పుడు పండగకు రాకపోతే అడుగుతారట.

నన్ను సంజాయిషీ నుంచి కాపాడింది మళ్లీ నా స్నేహితురాలే. గేటు దగ్గర ఎవరో ఒకరు యూనిఫామ్‌లో ఉండాలి కదా, ఆ డ్యూటీ నాకు వేసింది. లోపల మైకులో పాట, పెద్దసార్ల భార్యలు, ఫోటోగ్రాఫర్లు. బయట నేను. ఆట అయ్యాక ఆమె పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, తల నిండా పూలు. బాగుంది. చెడ్డ మనిషిలా ఏమీ లేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"ఏందక్కా, ఈడ్నే ఉన్నవు. అందరు తిన్నరు, నువ్వే తినలే. పట్టు, మలీద. మా అత్తమ్మ చేసింది."

ఆమె నా బెల్టు వైపు, చొక్కా వైపు చూసి నవ్వింది. ఆ పాత నవ్వే.

"కొంగు లేదు గదా. టోపీ పట్టవే. ఇప్పుడు ఎవలేమంటరు?"

ముద్ద తీసి ముందుకు చాపి, "ఇస్తినమ్మ వాయినం" అంది.

వాయినం వద్దనకూడదని నాకు తెలుసు. మా అమ్మ చెప్పింది, అత్తమ్మ చెప్పింది, చిన్నమ్మ నడిరోడ్డు మీద చెప్పింది. నేను తల మీది టోపీని రెండు చేతులతో సరిచేసుకుని, మడమలు కలిపి నిలబడ్డాను.

"డ్యూటీల ఉన్న, మేడం. తీసుకోరాదు. అప్పుడు గూడ మీరు వద్దనే అన్నరట గదా. మీ వాంగ్మూలం చదివిన."

ఆమె ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉంది. మలీద ముద్ద ఆమె వేళ్ల మధ్య చితికి, బెల్లం పొడి పట్టుచీర మీద రాలింది. చీర కట్టుకుంది కాబట్టి నేను కుట్టిన పట్టీలు ఆ రోజు ఆమె భుజం మీద లేవు. అయినా నేను సెల్యూట్ కొట్టాను.